సముద్రం క్విజ్‌లో నేనూదిన శంఖం

మొన్న శనివారం ఉదయగిరిలో నేనొక పెద్దమనిషిని చంపేసినాను. కత్తి లేదు, కర్ర లేదు. ఉత్త గాలితో! కంగారుపడబాకండి, టీ తాగతా వినండి. మనిషి బతికే ఉండాడు. నిన్న ఫోన్ చేసి నన్ను తిట్టినాడు కూడా.

మా తమ్ముడి కూతురు శైలజ ఉదయగిరిలో సైన్సు టీచరు కదా. పిల్లలకు సముద్రం మీద క్విజ్ పోటీ పెట్టించింది. మన మెట్టలో వానపడి కుంట నిండితే అదే సముద్రం! ఇన్నేళ్ళూ ఈ పోటీకి మన పిల్లలు తెల్లారకముందే బస్సెక్కి నెల్లూరు పోవాల్సి వచ్చేది. ఈ పిల్ల పోటీ నడిపే నెల్లూరోళ్ళ వెంటపడి, బతిమాలి, "ఒక్కసారి మా వైపు రండి సార్" అని ఒప్పించింది. వాళ్ళు ముందే చెప్పేసినారు, "జనం రాకపోయినా, ఏర్పాట్లు చెడినా మళ్ళీ అడగొద్దమ్మా" అని.

అట్టాంటి పనికి వాలంటీర్లు కావాలంటే, పదో తరగతి లెక్కల్లో తప్పిన ఈ పెంచలయ్య తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని దుత్తలూరు నుంచి దిగినాడు. మెళ్ళో బ్యాడ్జీ వేసినారు. ఎంత సంబరమో నాకు! శైలజ పక్కకు పిలిచింది.

"పెదనాయనా, నీకొకటే పని. రౌండు మొదలైతే ఒకసారి, టైము అయిపోతే ఒకసారి ఈ బజర్ నొక్కాల. అంతే. నోరు మాత్రం తెరవబాక."

"నేనేం మాట్లాడతానే?"

"నీ సంగతి నాకు తెలవదా? పెళ్ళిలో వందన సమర్పణకి మైకిస్తే బంతి భోజనాలు అయిపోయినా దిగలేదు నువ్వు."

కల్యాణ మండపంలో పోటీ. స్టేజీ మీద మర్రిపాడు, ఆత్మకూరు బళ్ళ పిల్లలు, మధ్యలో ప్రశ్నలడిగే నెల్లూరు సారు. పక్కన బల్ల మీద వాళ్ళు తెచ్చిన గవ్వలు, పగడాలు, ఎండబెట్టిన నక్షత్రచేప, ఒక పెద్ద తెల్ల శంఖం. కింద చూస్తే అన్నీ ఖాళీ కుర్చీలే. ముందు వరసలో కొంతమంది తల్లిదండ్రులు, అంతే. సారు ఆ కుర్చీల వైపు చూసినప్పుడల్లా శైలజ మొహం వాడిపోతా ఉండాది.

సరిగ్గా పోటీ మొదలుపెట్టబోతే కరెంటు పోయింది! మైకు లేదు, బజర్ లేదు. జనరేటర్ మనిషిని పట్టుకొస్తానని శైలజ స్కూటీ మీద పరుగు తీసింది. సారు గడియారం చూసుకుంటా ఉండాడు. నా చూపు శంఖం మీద పడింది. కొన కోసిన శంఖం, ఊదడానికి పనికొచ్చేదే. మా నాయన భజన గుంపులో ఊదేవాడు, నాకూ నేర్పినాడు.

"సార్! బజర్ ఎందుకు సార్? సముద్రం పోటీకి సముద్రంలో పుట్టినదాన్నే ఊదుదాం!"

"సూపర్ ఐడియా అంకుల్!" అన్నాడు సారు.

ఇంకేం కావాల నాకు? రొమ్ము నిండా గాలి పీల్చి "భూం...." అని ఊదినాను. మండపం అదిరిపోయింది. పిల్లలు చప్పట్లే చప్పట్లు. టైము అయినప్పుడు మళ్ళీ ఊదినా. రెండో రౌండుకి మళ్ళీ. ఊదేకొద్దీ కుశాల పెరిగింది. ఆఖరికి వీధి చివరిదాకా వినబడాలని కిటికీ దగ్గరకు పోయి మరీ ఊదినాను!

కాసేపటికి చూస్తే, జనం! ఎదురుగా టీ అంగడాయన స్టవ్వు ఆర్పేసి వచ్చినాడు. భుజాన తువ్వాళ్ళతో పెద్దోళ్ళు వచ్చినారు. వరికుంటపాడు నుంచి ఆటో నిండా ఆడోళ్ళు దిగినారు. ఒక్కరంటే ఒక్కరు మాట్లాడరు! వెనక వరసల్లో తలలు వంచుకుని కూర్చున్నారు.

"ఏం క్రమశిక్షణ అంకుల్! నెల్లూరులో కూడా ఇట్లాంటి ఆడియన్స్‌ని చూడలేదు" అన్నాడు సారు నా చెవిలో.

"మా మెట్టోళ్ళకి సైన్సంటే ప్రాణం సార్" అన్నాను.

అంతలో ప్రశ్న. "సముద్రపు తాబేలు కళ్ళలోనుంచి నీళ్ళెందుకు కారతాయి?"

"ఒంట్లో ఎక్కువైన ఉప్పు బయటికి పోవడానికి సార్!" అనింది మర్రిపాడు పిల్ల.

వెనకనుంచి ఒక అవ్వ ఒక్కసారిగా బావురుమనింది. తాబేలు మీద ఎంత జాలి ఈమెకు, అనుకున్నాను.

ఇంతలో పెద్ద బంతిపూల దండ మోసుకుని ఒకాయన స్టేజీ ఎక్కి, "ఎక్కడుండాడు?" అని గొంతు తగ్గించి అడిగినాడు. సారుకి సన్మానం కాబోలనుకున్నాను.

"అదుగో, కుర్చీలో."

"కూర్చోబెట్టినారా?"

"అంత పెద్దమనిషిని కూర్చోబెట్టకుండా పడుకోబెడతామా అన్నా?"

ఆయన సారు ముందుకు పోయి కొయ్యబారిపోయినాడు. సారు "అయ్యో, ఎందుకండీ ఇవన్నీ" అంటానే నవ్వుకుంటా దండలో తల తనే దూర్చేసినాడు!

అప్పుడొచ్చింది శైలజ, జనరేటర్ తోలుకుని. వస్తానే నా పక్కకు చేరి, "పాపం పెదనాయనా, మండపం వెనకింటి చెంచురామయ్య తాత పోయినాడంట. ఆస్పత్రినుంచి మొన్ననే ఇంటికి తెచ్చినారు. దోవలో ఉండంగా శంఖం వినబడింది, అక్కడే బండి ఆపి దండం పెట్టుకున్నా" అనింది.

మనవైపు ఎవరైనా పోతే దాసరి వచ్చి శంఖం ఊదతాడు కదా! వేళగాని వేళ శంఖం మోగితే వీధి వీధంతా "ఎవురు?" అనే కదా అడిగేది! మండపంలోనుంచి వినబడేసరికి శవాన్ని ఇక్కడే పెట్టినారనుకుని, చుట్టాలకి ఫోన్లు కూడా చేసేసినట్టుండారు. ఇంత వయసొచ్చిన నాకు ఆ సంగతే తట్టలా!

"ఆ శంఖం దాసరిది కాదమ్మా. నాదే."

ఆ పిల్ల వెనకున్న జనాన్ని చూసింది. సారు మెడలో దండ చూసింది. "పెదనాయనా..." అని కుర్చీలో కూలబడింది.

ఇంతలో వాకిట్లో కేకలు. మెడకు మఫ్లరు, చేతిలో కర్ర, కొడుకు భుజం పట్టుకుని చెంచురామయ్యే వస్తా ఉండాడు!

"ఎవుర్రా నన్ను చంపింది? మంచం మీద గంజి తాగతా ఉంటే మా వియ్యపురాలు దండతో వచ్చి, నన్ను చూసి గడపలోనే పడిపోయింది!"

ఏడుస్తున్న అవ్వ టక్కున ఆపేసింది. "బతికే ఉండావా అన్నా? ఆటోలో పడి ఇంతదూరం వస్తినే!"

జనం లేచినారు. "ఊదినోడు యాడ?" అని ఒకరు, "పట్టుకోండి" అని ఒకరు. సంగతి తెలిసి సారు మెడలో దండ తీసి అల్లంతదూరం విసిరేసినాడు. "టీచర్, ఇంక పోటీ ఆపేద్దాం" అన్నాడు. మర్రిపాడు, ఆత్మకూరు పిల్లలు మార్కుల్లో సమానంగా ఉండారు, ఇంకొక్క ప్రశ్నే మిగిలింది. శైలజ కళ్ళలో నీళ్ళు. తాబేలు కన్నీళ్ళు కాదు అవి.

నేను పోయి చెంచురామయ్య కాళ్ళు పట్టుకున్నాను. "తప్పంతా నాది. నన్ను కొట్టండి. కానీ పోటీ ఆగిపోతే వీళ్ళు మళ్ళీ మనవైపు రారు."

ముసలాయన స్టేజీ మీద బిక్కమొహాలేసుకున్న పిల్లల్ని చూసినాడు. తర్వాత జనం వైపు తిరిగినాడు.

"ఏంది లేచినారు? నాకోసం వచ్చినోళ్ళు నేను లేచేదాకా లేవకూడదు. కూర్చోండి!" అని ముందు వరసలో తను కూర్చున్నాడు. ఎవురు లేస్తారు? అందరూ కూర్చున్నారు.

ఆఖరి ప్రశ్న. "శంఖాన్ని చెవి దగ్గర పెట్టుకుంటే హోరు వినబడతాది. అది సముద్రమేనా?" మర్రిపాడు పిల్ల టకీమని, "కాదు సార్, మన చుట్టూ ఉన్న చప్పుళ్ళే లోపల తిరిగి అట్టా వినబడతాయి" అనింది. గెలిచేసింది! మండపం నిండా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది చెంచురామయ్యే.

"నోరు తెరవబాక అని చెప్పినా కదా పెదనాయనా!" అనింది శైలజ తర్వాత.

"తెరవలేదమ్మా. శంఖానికి ఆనించే ఉంచినా."

రాత్రి ఫోన్ చేసింది. గొంతులో సంతోషం పొంగతా ఉండాది. "వచ్చే ఏడాది కూడా ఇక్కడేనంట! అంత జనాన్ని సారు ఎక్కడా చూడలేదంట. చెంచురామయ్య తాతే చీఫ్ గెస్టు. నీకు కూడా వాలంటీర్ డ్యూటీ ఉండాది."

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏం డ్యూటీ తల్లీ?"

"ఆ రోజంతా దుత్తలూరు దాటకుండా ఉండడం."