భ్రమరాంబ అత్తయ్య ప్లేటు రెండో వైపు

ట్రంకుపెట్టె మూత ఎత్తగానే ముక్కుకు ఘాటు తగిలింది. అడుగున, మంగళగిరి చీర ముక్కలో చుట్టిన గ్రామఫోను ప్లేటు ఉంది. కవరు కాగితానికి పురుగు పట్టకుండా అందులో ఆరు ఎండుమిరపకాయలు పెట్టి, ఏడాదికోసారి మారుస్తుంటాను. అరవై ఎనిమిదిసార్లు మార్చాను గానీ, దాని రెండో వైపు ఒక్కసారీ వినలేదు.

నాకు పదేళ్ళు నిండి నాలుగు నెలలప్పుడు, కల్లాలన్నీ ఎర్రగా పరుచుకుని, ఇంటింటా పండుమిరప పచ్చడి రుబ్బుతూ, సద్దన్నంలోకి కూడా అదే నంజుకుంటూ, ఊరు ఊరంతా తుమ్ముతూ దగ్గుతూ ఉండే ఫాల్గుణంలో భ్రమరాంబ అత్తయ్య మా ఇంటికొచ్చింది. మా నాన్నకు పినతల్లి కూతురు. పదహారో ఏట నాటకాల్లో చేరి, ఊరూరా పద్యాలు పాడి, మద్రాసు వెళ్ళి ప్లేటు కూడా ఇచ్చిందని చెప్పుకునేవారు. చెప్పుకునేవారే తప్ప నమ్మేవారు తక్కువ. ఆమె వచ్చిన రోజే నాయనమ్మ తన తమలపాకుల పెట్టెకు తాళం వేసింది. అమ్మ ఆమె పౌడరు డబ్బా రెండుసార్లు వాసన చూసింది. "అత్తయ్యను కనిపెట్టుకుని ఉండవే" అని నాకు పని పురమాయించారు.

ఆ పనికి నేను తగినదాన్నే. దాగుడుమూతల్లో నేను లెక్కపెడితే తప్ప ఆట చెల్లేది కాదు. అంకె మింగను, తొందరపడను. అంతకుముందు ఏడు శ్రీరామనవమి పందిట్లో, తెర పక్కన కూర్చుని, అత్తయ్య ఒక్క పద్యం రాగం తీస్తుంటే నాలుగువందల పన్నెండు దాకా లెక్కపెట్టాను. జనం ఈలలు వేస్తుంటే ఆమె తెర వెనక్కి వచ్చి, తొడ చరుచుకుని "అమ్మయ్య!" అనేది. ప్రతి పద్యం తర్వాతా అంతే. అది విన్నది నేనొక్కదాన్నే.

ఈసారి నవమికి నాయిక వేషం ఆమెకివ్వాలా, తెనాలి నుంచి ఇంకొకామెను పిలవాలా అని పెద్దలకు ఎటూ తేలలేదు. అత్తయ్యకు అప్పటికే నలభై దాటాయి, కబుర్లు రావడం తగ్గింది. సొంత ఊరే వద్దంటే ఇంకెవరూ పిలవరు. ప్లేటు ఇచ్చిన మాట నిజమైతే వేషం ఆమెకేనని, నాటకం పెద్ద వెంకయ్య తాతయ్య తన గ్రామఫోను మా కల్లం పక్క పాకలోకి తెప్పించాడు. మధ్యాహ్నం, తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు కూడా లేచి వచ్చారు. అత్తయ్య తెచ్చిన ప్లేటు మీద ముల్లు పెట్టారు. సన్నటి గొంతు, గీరగీర మోత, అదే పద్యం. ఆగిపోయింది.

"నూట ఎనభై అయిదే!" అని అరిచాను. "పందిట్లో నాలుగువందల పన్నెండు. ఇది అత్తయ్య గొంతు కాదు."

అందరూ నా వైపు తిరిగారు. ఆ క్షణం నాకెంత గర్వంగా ఉందో దాచను.

"ప్లేటులో అంతే పడుతుందయ్యా! రికార్డింగు గదిలో ఎర్రదీపం వెలిగితే నోరు మూసెయ్యాలి" అంది అత్తయ్య.

"పాట పట్టకపోతే పెద్ద ప్లేటు తెచ్చుకోవాలిగా" అన్నారెవరో. నవ్వులు.

"పోనీ ఇప్పుడు పాడి చూపించమ్మాయ్" అన్నాడు తాతయ్య.

ఆమె నోరు తెరిచింది. ఘాటుకు దగ్గు తెర ముంచుకొచ్చింది, ఎంతసేపటికీ వదల్లేదు. "ఈ కల్లాలు ఎత్తేదాకా గొంతు పెగలదు బాబాయ్. రెండో వైపు వెయ్యండి. చివర్న నా పేరు కూడా చెప్పాను."

"పేరుదేముందిలే, ఎవరైనా చెబుతారు" అని ఆయన గ్రామఫోను మూత వేసేశాడు.

వేషం తెనాలామెకు వెళ్ళింది. మూడోరోజు పొద్దున చిలకలూరిపేట బస్సెక్కబోతూ అత్తయ్య ప్లేటు నా చేతిలో పెట్టి, "రెండో వైపు కూడా లెక్కపెట్టవే, అప్పుడు చెప్పు" అంది. కోపంగా అనలేదు. మళ్ళీ మా ఊరు రాలేదు, తర్వాత ఎక్కడా వేషం కట్టలేదు. ఆ ఏడే తాతయ్య ఇంట్లో గ్రామఫోను స్ప్రింగు తెగింది. ఆ తర్వాత యంత్రం దొరకలేదని నాకు నేను చెప్పుకున్నాను. వెతకలేదన్నదే సరైన మాట. రెండో వైపు ఖాళీగా ఉంటుందని కొన్నాళ్ళు అనుమానం, ఖాళీగా ఉండదేమోనని ఆ తర్వాత.

పోయిన మంగళవారం గుంటూరులో పాత యంత్రాలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళాను. ముల్లు కొత్తదేనా అని రెండుసార్లు అడిగాను. రెండో వైపు వేశాడు. పద్యం నూట ఎనభై ఒకటి దగ్గర ఆగింది. "నా పేరు భ్రమరాంబ" అంది ఒక గొంతు. ఎవరైనా చెబుతారనుకుంటూ నేను లెక్కపెడుతూనే ఉన్నాను. నూట ఎనభై నాలుగు. అప్పుడు గీరగీర మోత వెనక, దూరంగా, ముఖం పక్కకు తిప్పుకున్నట్టుగా వినబడింది: "అమ్మయ్య!"

"చివర్న ఏదో చెత్త మోత పడిందండి, గీతేమో" అన్నాడాయన.

నవమి పందిరి వేసిన చోట ఇప్పుడు మిరపకాయల కోల్డు స్టోరేజీ ఉంది. కల్లం లేదు, పాక లేదు, నా లెక్క విన్నవాళ్ళలో ఒక్కరూ మిగల్లేదు. మొదటి వైపు కూడా వేయించుకుని విన్నాను. నూట ఎనభై అయిదే. అంకె అప్పుడూ తప్పలేదు.