కోతుల కావలికి పోయిన మా పుస్తకం

నల్లగొండల మా పఠనమందిరానికి అడవి గురించిన పుస్తకం ఒక్కటే ఉండేది. ఆరు నెలలుగా అదీ లేదు.

సభ్యులం ముప్పైమందిమి ఉంటిమి. ఒక్కరం కూడా అడవిని చూసినోళ్లం కాదు. మా గుట్టల మీద సీతాఫలం పొదలు తప్ప మరేం ఉండవు. ఎవరికన్న నక్క కనపడితే మూడు రోజులు అదే ముచ్చట. అందుకే ఆ పుస్తకమంటే అందరికీ పిచ్చి. ఆకుపచ్చ అట్ట, నడుమ పేజీల రంగుల పులిబొమ్మ. దాన్ని మాకిచ్చింది ఒక ముసలి వకీలు సాబు. ఏటా వార్షికోత్సవానికి వచ్చి, కుర్చీల కూచోకముందే "నా పులి ఏది?" అని అడుగుతడు. ఈసారి రెండు అల్మారాల పుస్తకాలు ఇస్తనని మాటిచ్చిండు. ఆదివారం సభ. పులి లేదు.

పుస్తకం తీస్కపోయింది జంగలాతు మున్షీ రాజలింగం. అడవుల మహకమాల ఆయన నౌకరి. అచ్చంపేటకు బదిలీ అయితే పుస్తకంతోటే పోయిండు. మూడు కార్డులు రాస్తే ఒక్కదానికి జవాబు వచ్చింది: "పుస్తకం క్షేమం. ప్రస్తుతం పనిలో ఉన్నది. పంపలేను."

పుస్తకం పనిలో ఉండుడేందో మాకెవరికీ సమజ్ కాలే. కార్యదర్శిని గనుక నన్నే పొమ్మన్నరు. నేను కచ్చేరిల నకళ్లు రాసేవాణ్ని. ఐదు రోజులు సెలవు పెట్టి మంగళవారం బయలుదేరిన.

దేవరకొండ బస్సు పొద్దుగాల ఆరింటికన్నరు. లడాయి రోజులు, పెట్రోలు దొరకదు. బస్సు వెనక ఇనుప పొయ్యి బిగించి బొగ్గు మంటతోటి నడిపిస్తున్నరు. ఆరింటికి పొయ్యి అంటుబెట్టిండ్రు. ఏడుంబావుకు బస్సు దగ్గింది, ఏడున్నరకు కదిలింది. ఎత్తు వచ్చినప్పుడల్ల మొగోళ్లం దిగి నూకినం, ఆడోళ్లు దిగి నడిచిండ్రు. ఒక అవ్వ అందరికన్న ముందుగాల నడిచిపోయి, ఎత్తు మీద రాయి మీద కూచుండి, మేం చేరినంక "జర తొందరగ నూకుండ్రి బిడ్డా, నాకు పెండ్లి ఉన్నది" అన్నది.

నా పక్కన ఒక పోలీసు జవాను కూచున్నడు. నేను పఠనమందిరం మనిషినని తెలిసి చెవులు నిక్కబొడుచుకున్నడు.

"ఏం పుస్తకం కోసం పోతున్నవ్?"

"అడవి పుస్తకం."

"అందుల సర్కారు మీద ఏమన్న రాసున్నదా?"

"లేదు జమేదార్ సాబ్, పులి మీద రాసున్నది."

ఆయన చానసేపు ఆలోచన చేసిండు. "పులి మీద మంచిగ రాసిండ్రా, చెడ్డగ రాసిండ్రా?"

"మంచిగనే రాసిండ్రు."

"అయితే ఫికర్ లేదు" అని నా భుజం మీద తల పెట్టి దేవరకొండ దాక నిద్ర పోయిండు.

పన్నెండింటికి దిగినం. బస్టాండు కాడ చాయ్‌ఖానల రొట్టె, పప్పు తిని, డిండికి పోయే ఎడ్లబండి కిరాయికి మాట్లాడుకున్న. చీకటి పడే యాళ్లకు డిండి చేరి సరాయిల పండుకున్న. బుధవారం పొద్దున ఇంకో బండి. పుస్తకం మొదటి పేజీల "ఊరికిని అడవికిని నడుమ హద్దు స్పష్టముగా గోచరించును" అని ఉన్నట్టు నాకు యాది. ఆ హద్దు కోసం రెండు దిక్కులా చూసుకుంట పోయిన. చెట్లు గుంపుగ కనపడ్డప్పుడల్ల "ఇదేనా అడవి?" అని అడిగితే, బండాయన "ఇది కాదు, ఇంకా ముంగటున్నది" అనేటోడు. ఐదోసారి అడిగితే ఎడ్లను ఆపి, "దొరా, అడవి వస్తే నేను మీకు చెప్త, మీరు జర కండ్లు మూసుకోండ్రి" అన్నడు.

సాయంత్రం ఐదింటికి అచ్చంపేట. మున్షీ నన్ను చూసి తెల్లబోయి, చాయ్ తెచ్చి, ఇంకోసారి చాయ్ తెచ్చి, అప్పుడు అసలు సంగతి చెప్పిండు.

అడవి అంచు చేనున్న బుచ్చమ్మ అనే ఆమె, కోతులు జొన్న దక్కనిస్తలేవని మహకమాకు నాలుగుసార్లు అర్జీ పెట్టుకున్నదట. కోతులను కొట్టే హుకుం లేదు, కంచెకు కట్టె కొట్టే హుకుం లేదు. రెండు నెలల కింద ఐదోసారి వచ్చి ఈయన గడపల కూచున్నది. ఏం జేయాలె? చేతిల పులిబొమ్మ ఉన్నది.

"బొమ్మ చింపి ఇద్దామంటే చెయ్యి రాలే. పుస్తకమే ఇచ్చిన" అన్నడు తల వంచుకొని. "సర్కారు తరఫున అంతకన్న నేనేం ఇయ్యగలుగుత?"

బేస్తవారం పొద్దుగాల ఇద్దరం నాలుగు మైళ్లు నడిచినం. జొన్న పాలు పోసుకొని కంకులు వంగుతున్నయి. చేను నడుమ మంచె, మంచెకు నిలువు కట్టె, కట్టెకు మా పుస్తకం. పులిబొమ్మ కాడ తెరిచి, సుతిలి తాడుతోటి కట్టి, మంచు పడకుంట మోదుగాకుల గొడుగు కప్పి పెట్టిండ్రు. మా మందిరంల ఏ పుస్తకాన్నీ ఇంత మంచిగ చూసుకోలేదు.

మంచె మీద వడిసెల పట్టుకొని నిలబడ్డది బుచ్చమ్మ. యాభై ఏండ్లుంటయి. నేను వచ్చిన పని విని ఒక్కటే అడిగింది.

"నల్లగొండల మీకు కోతులు వస్తున్నయా?"

"కోతులు కాదమ్మా, ఆదివారం వకీలు సాబు వస్తడు."

"ఒక్కడే గదా! నాకు నలబై వస్తున్నయి. కోత అయినంక తీస్కపో."

బతిమాలిన. కాయిదా చెప్పిన. సంఘం నియమావళి చెప్పిన. ఆమె మధ్యమధ్యల వడిసెల తిప్పి రాయి విసురుకుంట విన్నది. నా దమ్ము అయిపోయినంక, ఇది అసలు ఎవరి జాగా, హద్దు ఎక్కడ, అని మాట మార్చిన. మున్షీ హద్దురాయి చూపిస్తనని పోయి, తిరిగొచ్చి, కాలువ గట్టు దిక్కు వేలు చూపిండు. సర్కారు హద్దురాయిని బుచ్చమ్మ దొర్లించి తెచ్చి ఆ గట్టున బట్టలుతికే బండ చేసుకున్నది.

"రాయి ఎందుకు?" అన్నది బుచ్చమ్మ. "నా అరుపు ఇనపడ్డకాడికి చేను. ఇనపడనికాడ అడవి."

అప్పుడే చెట్లల్లకెళ్లి ఒకాయన వచ్చిండు. భుజాన విల్లు, చేతిల గొడ్డలి. పక్క పెంటల, అంటే చెంచుల గూడెంల, ఉండే మనిషి, ఈదన్న. బుచ్చమ్మ ఆయన్ను చూడంగనే ముఖం తిప్పుకున్నది. చేని అంచుల ఇప్పచెట్టు ఒకటున్నది. అది నాదంటే నాదని రెండేండ్లుగా ఇద్దరికీ మాటల్లేవని మున్షీ నా చెవుల చెప్పిండు. ఈదన్న మమ్ముల ఎవరినీ పలకరించకుంట పులిబొమ్మ ముందర నిలబడి తల అడ్డంగ ఊపిండు.

"గిది పులి కాదు. పులి గిట్ల నవ్వది. గిది మీ పటేలు. కోతులు పటేలును చూసి ఉరుకుతున్నయి."

మున్షీకి నవ్వాగలేదు, నాకూ ఆగలేదు. బుచ్చమ్మ మాత్రం నా దిక్కు తిరిగి, "పగటి బువ్వ యాళ్ల దాక పులి లేకుంట నా చేను కాయి. ఒక్క కంకి పోకపోతే పుస్తకం నీదే" అన్నది. నేను ఒప్పుకున్న. కచ్చేరి మనిషిని, కోతులు నాకొక లెక్కా అనుకున్న.

పుస్తకం విప్పి ఒళ్లె పెట్టుకొని మంచెక్కి కూచున్న. తొమ్మిదింటికి వచ్చినయి. "హే" అన్న. నా గొంతు నకళ్లు రాసేటోని గొంతు. ముందున్న కోతి నన్ను చూసి కంకి విరిచింది. కండువ ఊపిన, ఫాయిదా లేకపోయె. చప్పట్లు కొట్టిన, చెప్పు విసిరిన. చెప్పు కూడ పట్టుకపోయినయి. ఏం తోచక పుస్తకం తెరిచి గట్టిగ చదువుడు మొదలుపెట్టిన: "వానరములు స్వభావముచే చంచలములయ్యును, మానవునకు మిక్కిలి సన్నిహితములు..."

కోతులు ఆగినయి. ఒక్కొక్కటి కూచున్నది. పెద్దకోతి గదుమ కింద చెయ్యి పెట్టుకొని విన్నది. మా వార్షికోత్సవంల కూడ ఇంత నిమ్మళంగ కూచున్న సభను నేను చూడలే. రెండో పేజీకి వచ్చిన. కింద చూస్తే, సభికులు వింటనే తింటున్నరు.

"కథ చెప్తున్నవా, బువ్వ పెడుతున్నవా?" అని బుచ్చమ్మ అరిచింది.

అంతల నా వెనక చెట్లల్ల చిరుత గురకపెట్టింది. రంపంతోటి మొద్దు కోసినట్టు, ఆగి ఆగి, గర్... గర్... కోతులు ఒక్క ఎగురుల మాయమైనయి. నేను కూడ మాయమైన. మంచె దిగిన తీరు నాకు యాదికి లేదు. జొన్నల బొక్కబోర్ల పడి, పుస్తకాన్ని నెత్తి మీద కప్పుకొని ఉన్న. తల ఎత్తితే ఈదన్న ఇప్పచెట్టు చాటుకెళ్లి రెండు అరచేతులు నోటికి పెట్టుకొని వస్తున్నడు.

బుచ్చమ్మ వడిసెల కింద పడేసింది. రెండేండ్ల తర్వాత ఆయనతోటి మొదటి మాట మాట్లాడింది. "ఇది నీకు వస్తదా?"

"పుట్టినప్పటికెళ్లి వస్తది."

"మరి ఇన్నొద్దులు ఎందుకు చెయ్యలే?"

"నన్నెవరడిగిండ్రు?"

ఆమె కొంగు నోట్లె కుక్కుకొని నవ్వు ఆపుకున్నది, ఆగలే. మంచె కట్టె పట్టుకొని కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. ఆ నవ్వుల ఏడుపు కూడ ఉన్నదో ఏమో. పోయినేడు ఆమె ఇంటికి నాలుగు కుంచాల జొన్నలు కూడ చేరలేదని తొవ్వల మున్షీ చెప్పిండు.

గట్టున కూచుండి జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ కారం నలుగురం పంచుకొని తిన్నం. ఆ రొట్టె మీదనే ఫైసల్ అయింది. పొద్దున, మాపున ఈదన్న చిరుత తీరు అరవాలె. ఇప్పపువ్వు రాలినప్పుడు బుచ్చమ్మ ఆ దిక్కు చూడొద్దు. నేను కచ్చేరి భాషల కాయితం రాసి చదివి వినిపించిన. ఇద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలే గని, బాగున్నదన్నరు. మున్షీ గవాహి సంతకం పెట్టిండు. బుచ్చమ్మ పుస్తకాన్ని చీరకొంగుతోటి తుడిచి నా చేతిల పెట్టి, "మంచి పులి, పాపం. తిండి అడగలే" అన్నది.

శుక్రవారం తిరుగు ప్రయాణం. ఒక కాలికి మున్షీ చెప్పు, రెండు సైజులు పెద్దది. డిండి సరాయిల పుస్తకం తెరిచి, కోతుల గడబిడల సరిగ చూడని పులిని అప్పుడు చూసిన. రెండు నెలల ఎండకు పులి రంగంతా పోయి ఆవుదూడ లెక్క తెల్లగైంది. శనివారం దేవరకొండల బొగ్గుబస్సు ఎక్కి, నూకినప్పుడల్ల దిగుకుంట, వకీలు సాబుకు ఏం చెప్పాలెనో తయారుచేసుకున్న. వానల తడిసిందందామా? చెదలందామా? చెదలు రంగు ఒక్కటే తింటయా?

మీల ఎవరన్న ఆ దిక్కు పోతే, జొన్న కోతకు ముందే పోండ్రి, పాత చెప్పులు తొడుక్కొని పోండ్రి. హద్దు కోసం వెతుక్కోకండ్రి. అది రోజూ పొద్దున ఒకామె గొంతు తోటి, ఒకాయన గొంతు తోటి కొత్తగ పడుతది. నేను చూసినకాడ ఇద్దరూ ఒక్క దిక్కే నిలబడి అరుస్తున్నరు.

ఆదివారం వకీలు సాబు వచ్చిండు. కుర్చీల కూచోకముందే పులిని అడిగిండు. బొమ్మను కండ్లకు దగ్గరగ పెట్టుకొని చూసి, "ఇదెందుకు ఇట్లయింది?" అన్నడు. తయారుచేసుకున్న అబద్ధాలన్ని పక్కకు పెట్టిన.

"ఎండల పని చేసింది సాబ్" అన్న.

ఆయన ఆ తెల్లపులి పేజీల ఇరికిన జొన్నపొట్టును వేలితోటి తీసి చూసి, "పైరు దక్కిందా?" అని అడిగిండు.