ఆ ముద్దు గొంతు నాది కాదు

చిన్నప్పుడు సినిమాల్లో నేను చెప్పిన డైలాగుల్లో ఒక్కటీ నేను చెప్పింది కాదు. తెర మీద మొహం నాది, గొంతు నాకు డబ్బింగ్ చెప్పే ఆంటీది. అప్పటికే ఆమెకు పెళ్ళీడు కొడుకు ఉన్నాడు. అయినా మైకు ముందు నిలబడితే ఆరేళ్ళ పిల్ల పలికేది. నా గొంతు మాత్రం మాటలు వచ్చినప్పటి నుంచీ బొంగురే.

ఆ సంగతి బయటపడుతుందని అమ్మకు భయం. మద్రాసు సౌకార్‌పేటలో నాన్న కొట్టుకి వెళ్తే జనం మూగి, "పాపా, ఆ డైలాగు చెప్పు" అనేవాళ్ళు. "సుమ్మా, ఊరికే నవ్వు, మాట్లాడబాక" అంటూ అమ్మ పెదవుల మీద వేలు పెట్టుకుని చూపించేది. ఒకసారి ఉండబట్టలేక చెప్పేశాను. అడిగినాయన నన్ను ఎగాదిగా చూసి, "ఈ పాప ఆ పాప కాదులేమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆ రోజు ఎంత ఏడ్చానో! అప్పటి నుంచి ఎవరైనా మెచ్చుకుంటే, మెచ్చుకునేది నన్నేనా అని అనుమానంగా చూస్తాను.

పొడుగు పెరిగాక వేషాలు ఆగిపోయాయి. తర్వాత వచ్చినవాళ్ళంతా హీరో చెల్లెలుగా నిలబడమనేవాళ్ళు, అదీ మాటల్లేకుండా. ఇరవై నాలుగేళ్ళకు, పిల్లలు చూడకూడదని గుర్తు వేసే ఒక వెబ్ సిరీస్‌లో పెద్ద వేషం దొరికింది. హత్య చేసి తప్పించుకు తిరిగే ఆడమనిషి. నేను పెట్టిన షరతు ఒక్కటే, నా పాత్రకు నేనే డబ్బింగ్ చెప్పుకుంటాను. డైరెక్టరు వెంటనే సరేనన్నాడు. అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడా అని ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు.

అంబత్తూరులో మూతపడిన ఫ్యాక్టరీలో షూటింగ్ ముగిసింది. డబ్బింగ్‌కి పిలుపు రాలేదు. ఫోను చేస్తే అసిస్టెంటు, "ఎడిటింగ్ ఇంకా అవలేదు మేడం" అనేవాడు. ఆ వినయం కాస్త ఎక్కువైనట్టు తోచేది. అమ్మ వంటింట్లో ఎవరితోనైనా మెల్లగా మాట్లాడుతుంటే, నా గొంతు మార్పించమని చెబుతోందేమోనని తలుపు పక్కన చెవి పెట్టేదాన్ని.

ఇక లాభం లేదని ఒకరోజు మా వాషర్‌మెన్‌పేట్‌లో ఆటో ఎక్కి, చెప్పాపెట్టకుండా స్టూడియోకి వెళ్ళాను. మెట్ల మీద కూర్చుని, ఫ్లాస్కులో వేడినీళ్ళు తాగుతూ డబ్బింగ్ ఆంటీ! నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఈడ ఏం చేస్తా ఉండారు ఆంటీ? నా పాత్రకేనా?"

"నీకా? ఈ వయసులో నేను నీకు చెప్తే జనం చెప్పులు ఇసిరేస్తారే! నీ అమ్మ పాత్రకు పిలిచినారు. నమ్మకపోతే లోపలికి రా."

నమ్మలేదు. లోపలికి వెళ్ళి, పక్కనే కూర్చుని విన్నాను. నిజంగానే అమ్మ పాత్ర. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నాలుగు రోజులకు నన్నూ పిలిచారు. ఈ బొంగురు గొంతుతోనే అరిచాను, ఏడ్చాను, బెదిరించాను. బయటికి వచ్చేసరికి నాకు గాల్లో తేలినట్టుంది. చిన్నప్పుడు అన్ని సినిమాలు చేసినా అంత సంతోషం ఎరగను.

సిరీస్ వచ్చిన వారానికి ఒక నిర్మాత అమ్మకు ఫోను చేశాడు. నాకూ వినిపించాలని అమ్మ స్పీకరు పెట్టింది.

"మీ అమ్మాయి ఎంత బాగా చేసిందమ్మా! ఎవరిదో పాడు గొంతు పెట్టి చెడగొట్టారు. చిన్నప్పుడు ఎంత ముద్దుగా మాట్లాడేది! మా సినిమాలో తనే హీరోయిన్. తన సొంత గొంతే పెడదాం."

అమ్మ నా వైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది. నేను ఫోను లాక్కున్నాను.

"సార్, ఆ ముద్దు గొంతు వేరే ఆవిడది. మీరు పాడు గొంతు అన్నారే, అదే నాది. ఇప్పుడు మీరు వింటున్నది కూడా అదే."

ఆయన అనుమానంగా అడిగాడు.

"ఎవరమ్మా నువ్వు? ఒకసారి అమ్మాయికి ఫోనివ్వు."