అయిదు కిలోల తేడా

మా చిన్నతనంలో కిష్టారం సంతలో చింతపండుతో పాటు మనుషులను కూడా తూచేవాళ్ళు... నమ్మండి, నిజం.

చింతపండు కొనే సేఠ్ దగ్గర పెద్ద కాంటా ఉండేది. మూడు దుంగలు నిలబెట్టి, నడుమ ఒక లావాటి కర్ర వేలాడదీసి, దాని రెండు చివర్లా గొలుసులతో రెండు పలకలు కట్టేవాళ్ళు. బస్తాలన్నీ తూచాక, సాయంత్రం పూట ఆ పలకల మీద కుస్తీ పట్టేవాళ్ళు చెరొకరు కూర్చునేవాళ్ళు. కర్ర సమంగా నిలిస్తే ఆ ఇద్దరూ జోడీ... వాగు ఇసుకలో దిగొచ్చు. దోసెడు చింతపండుకు మించి తేడా ఉంటే మా ఊరి పటేల్ ఒప్పుకునేవాడు కాదు. ఎప్పుడో ఒక బక్కమనిషి భుజం విరిగిందట, అప్పటి నుంచి ఆ కట్టుబాటు.

మా అయ్య సేఠ్ దగ్గర బస్తాలు మోసేవాడు. ఎంత మనిషనుకున్నారు... నిండు బస్తా ఒక భుజాన వేసుకుని, రెండో చేత్తో నన్ను ఎత్తుకునేవాడు. కుస్తీ అంటే ప్రాణం. ఏటా చింతపండు కాలంలో ఒంటికి ఇప్పనూనె రాసుకుని వచ్చి పలక మీద కూర్చునేవాడు. అవతలి పలక సర్రున పైకి లేచేది. సంతంతా నవ్వేది.

"నీ జోడీ ఈ దిక్కుల లేడురా. సేఠ్ ఎడ్లను అడుగు, ఒకటి దిగుతదేమో" అనేవాడు పటేల్.

అయ్య కూడా నవ్వి, దిగిపోయి, వాగు ఒడ్డున కూర్చునేవాడు. కుస్తీకి దిగేవాళ్ళంతా చొక్కాలు విప్పి ఆయన ఒళ్ళో పడేసేవాళ్ళు. ఒక్కొక్కటీ మడిచి పెట్టేవాడు... చేతులు చొక్కాల మీద, కళ్ళు ఇసుక మీద.

నాకు తొమ్మిదేళ్ళున్న ఏడు, చింతపండు తీసుకుపోవడానికి చర్ల వైపు నుంచి బండ్లు కట్టుకుని కన్నయ్య అనే ఆయన వచ్చాడు. ఆయన బండి దిగితే ఎడ్లు ఊపిరి పీల్చుకున్నాయి... అంత మనిషి. అయ్య ఆయన్ను చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళల్లో ఉంది. ఎప్పుడూ చొక్కాతోనే పలక ఎక్కే మా అయ్య, ఆ రోజు ముందే విప్పి నా చేతికిచ్చాడు.

"పట్టుకో, నలగనియ్యకు" అన్నాడు.

ఇద్దరూ కూర్చున్నారు. కన్నయ్య తన చొక్కా విప్పి పక్కనే పలక మీద పెట్టుకున్నాడు. కర్ర ఊగి ఊగి... మళ్ళీ అయ్య వైపే వాలింది. కొంచెమే. కానీ దోసెడు కంటే ఎక్కువే. పటేల్ చెయ్యి అడ్డంగా ఊపాడు. కన్నయ్య పలక మీద కూర్చునే ఆయనతో వాదం పెట్టుకున్నాడు. జనం వాళ్ళ మాటలు వింటున్నారు. నేను ఒక్కణ్ణే అయ్య ముఖం చూశాను... చూడలేకపోయాను.

సేఠ్ తూకపు రాళ్ళలో అయిదు కిలోలది ఒకటి, అయ్య చొక్కాలో చుట్టి తెచ్చి, వెనక నుంచి కన్నయ్య చొక్కా కిందికి దూర్చేశాను.

కర్ర మెల్లగా కదిలి సమంగా నిలబడింది.

"ఇప్పుడు చూడు పటేలా, ఇంకేంది" అన్నాడు కన్నయ్య. పటేల్ వంగి చూసి, సరేనని తల ఊపాడు. అయ్య కళ్ళు నిండిపోయాయి.

ఇద్దరూ దిగారు. అయ్యకు చేతి అలవాటు కదా... కన్నయ్య చొక్కా మడుద్దామని తీశాడు. కింద రాయి.

ఇంకెవరూ చూడలేదు. చొక్కా మళ్ళీ కప్పేస్తే సరిపోయేది. అయ్య నా వైపు ఒకసారి చూసి, ఆ రాయిని అందరి ముందూ తీసుకెళ్ళి సేఠ్ రాళ్ళ పక్కన పెట్టాడు.

"తేడా ఉన్నది పటేలా. మా పోరడు కలిపిండు."

"అయిదు కిలోలకేందన్నా, పడదాం రా" అన్నాడు కన్నయ్య. పటేల్ ఒప్పుకోలేదు. అయ్య నా చేతిలోని చొక్కా తీసుకుని తొడుక్కుని, వాగు ఒడ్డుకు పోయి కూర్చున్నాడు.

ఇంటికి నడుస్తూ నేను ఏడుస్తుంటే, తిడతాడనుకున్న అయ్య, "అయిదేనా..." అని నెమ్మదిగా అన్నాడు. "అయితే వచ్చే ఏటికి తగ్గుత."

తగ్గాడు. ఆ ఏడాదంతా అన్నం మానేసి జావ తాగాడు. "కుస్తీ కోసం కడుపు మాడ్సుకునే మొగోన్ని ఏడ చూడలే" అని అమ్మ గొణిగేది. కానీ మరుసటి ఏడు చింతపండుకు లారీ వచ్చింది. బండ్లు రాలేదు... కన్నయ్యా రాలేదు. అయ్య పొద్దు వాలేదాకా రోడ్డు వైపు చూసి, చొక్కాలు పట్టుకోవడానికి వాగుకు వచ్చాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న విదేశంలో జరిగిన పెద్ద ఆటల పోటీల్లో మా చిన్నోడు హెవీవెయిట్ కుస్తీలో కంచు పతకం గెలిచాడు. నా ఆనందం ఎంత చెప్పినా తీరడం లేదు. సంతలో ముక్కూ మొహం తెలియని వాళ్ళను ఆపి మరీ చెబుతున్నాను. అచ్చం మా అయ్య ఒళ్ళు వాడిది.

పోటీ రోజు పొద్దున ఫోన్ చేశాడు. "బాపూ, ఇయ్యాల నాతోని దిగేటోడు నాకన్నా పదిహేను కిలోలు ఎక్కువున్నడు."

"మరి ఒప్పుకుంటరా బిడ్డా?"

"నూట ఇరవై అయిదు దాటకుంటే చాలు బాపూ, ఒప్పుకుంటరు. ఈడ అందరూ నువ్వు చెప్పిన తాత లెక్కనే ఉన్నరు."

ఫోన్ పెట్టేశాను... పదిహేను కిలోలు. ఒప్పుకుంటారట.

సిగ్నల్ కోసం ఫోన్ టవర్ కింద చేరి, వాడి కుస్తీని ఊరంతా ఫోన్లో చూశాం. మా వాడు గెలవగానే అందరూ గంతులేశారు. నా చూపు మాత్రం ఫోన్లో, కుస్తీ బరి పక్కన కుర్చీలో ఉన్న ఒకాయన మీద నిలిచిపోయింది. మా వాడి కోటు మడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడాయన.

ఇప్పుడు ఆ కాంటా లేదు, అంకెలు చూపించే మిషన్ వచ్చింది. వాగు ఇసుకలో ఎవరూ దిగడం లేదు. అయ్య పోయి కూడా ఏళ్ళయింది... ఆయన జీవితమంతా ఊరివాళ్ళ చొక్కాలు పట్టుకున్నాడు. ఆయన చొక్కా నా చేతుల్లో ఉన్నది ఆ కాసేపే.

మీ నాయన ఆడుతుంటే మీరు కళ్ళారా చూశారా... చూసి ఉంటే కింద రాయండి. ఎంత పొడుగు రాసినా చదువుతాను.