వీధి వైపు ఆరేసిన నల్లకోటు

ఆ రోజుల్లో మా కోలారు జిల్లాలో వకీలంటే మర్యాదకు కొదవ లేదు. బస్సులో జరిగి చోటిచ్చేవారు, పెళ్ళిలో మొదటి పంక్తిలో కూర్చోబెట్టేవారు, కావాలంటే పిల్లనైనా ఇచ్చేవారు. బాడిగకు ఇల్లు మాత్రం ఇచ్చేవారు కాదు. వకీలు ఒకసారి ఇంట్లో దిగితే మళ్ళీ కదలడని, కదిలించడానికి మనిషి ఆయుష్షు చాలదని వాళ్ళ నమ్మకం. (ఇది పూర్తిగా తప్పని నేను ప్రమాణం చేసి చెప్పలేను.) కేజీఎఫ్ కోర్టులో కొత్తగా నల్లకోటు తొడుక్కున్నప్పుడు నేను మా ఊరు బూదికోట నుంచి రోజూ బస్సులో వచ్చేవాణ్ణి. కేజీఎఫ్ ఆండర్సన్‌పేటలో నేను తట్టని తలుపు లేదు. ఒకాయన గది చూపించి, కుళాయి తిప్పి చూపించి, కాఫీ కూడా తెప్పించి, చివర్లో "ఏం పని చేస్తావప్పా?" అన్నాడు. చెప్పాను. "అయ్యో, నిన్ననే వేరే వాళ్ళకు మాట ఇచ్చేసినామే!" అన్నాడు. మరి బయట 'ఇల్లు బాడిగకు' అని బోర్డు వేలాడుతోంది కదా అంటే, "అదా, గోడ బోసిగా ఉండాదని పెట్టినాం" అన్నాడు. ఆ గోడ ముందు నుంచి నేను ఇప్పటికీ నడవను. చుట్టూ తిరిగి పోతాను.

ఇందులో పెద్ద అన్యాయం ఏమిటంటే, నా పనే ఇళ్ళ కేసులు. మా సీనియరు దగ్గరికి వచ్చేవన్నీ బాడిగ తగాదాలు, గోడ తగాదాలు. వాటిలో ఆయన నాకు పూర్తిగా వదిలేసిన మొదటి కేసు సైరన్ తాతది. తాత బంగారు గనిలో మనుషులను లోపలికి దించే లిఫ్టు నడిపి రిటైరైనవాడు. గని మూసేసినా ఆయన మాత్రం పాత సైరన్ వేళకే లేచి, ఆ వేళకే తిని, ఆ వేళకే కోప్పడేవాడు. ఆయన ఉండే ఇంటి యజమాని, మామిడితోటలున్న ఒక అవ్వ. ఇల్లు నాకే కావాలి, ఖాళీ చేయించండని కేసు వేసింది. ఆమెకు ఆ ఇంటి అవసరం లేదని నిరూపించి నేను గెలిచాను. మర్నాటి నుంచి ఊళ్ళో ఇళ్ళున్నవాళ్ళందరూ నన్ను దూరం నుంచి చూడగానే తలుపులు వేసుకోవడం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే నాకు పెళ్ళి కుదిరింది. కాబోయే మామగారు కోలారులో గుమాస్తా. "ముందు ఇల్లు చూపించు నాయనా, ఆపైన ముహూర్తం" అన్నారు. సంగతి విని సైరన్ తాత ఊరుకోలేదు. "నా ఇల్లు నిలబెట్టినోడివి, నీకే ఇల్లు లేకుంటే ఎట్లప్పా? ముందర గది సుమ్మనే ఖాళీగా పడి ఉండాది. పెట్టె తెచ్చుకో" అన్నాడు. తెచ్చుకున్నాను. నెల నెలా తాత చేతిలో కొంత పెట్టేవాణ్ణి. అది బాడిగ కాదు, పాల ఖర్చు. (అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.) ఇక్కడ ఒక్క చట్టం చెప్పాలి. బాడిగకున్నవాడు యజమాని అనుమతి లేకుండా ఇంకొకరిని బాడిగకు పెట్టుకుంటే, యజమాని అతన్ని ఖాళీ చేయించవచ్చు. ఇది నాకు తెలియదా? కంఠతా వచ్చు. అయితే అది ఎదుటి పక్షం వాళ్ళకు వర్తించే సెక్షననే ధీమాలో ఉన్నాను.

ఒక ఆదివారం మామగారు ఇల్లు చూడటానికి వచ్చారు. ఉతికిన నల్లకోటు వీధి వైపు తాడు మీద ఆరుతోంది. ఆయన గది నాలుగు మూలలూ చూసి, కిటికీ రెక్క ఊపి చూసి, తృప్తిగా తలాడిస్తుండగా వాకిట్లో ఆటో ఆగింది. అవ్వ దిగింది. ఇంటి వైపు చూడలేదు, కోటు వైపు చూసింది.

"ఏమప్పా వకీలూ, నీ కోటు నా ఇంటి ముందర ఆరతాండాదే?"

"తాతను చూసిపోదామని వచ్చినానవ్వా. చుట్టం మాదిరి."

"చుట్టానికి జేబులోంచి ఆ తాళంచెవి వేలాడతాండాదెందుకు?"

నేను తాళంచెవిని జేబు లోపలికి నెట్టుకుంటుండగా మామగారు ముందుకొచ్చారు. ఆమెను ఎవరో పొరుగావిడ అనుకుని, అల్లుడి పరువు కాపాడటానికి పూనుకున్నారు. "చుట్టం గిట్టం కాదమ్మా! ఒకరింట్లో ఊరికే పడి ఉండే రకం కాదు మా అల్లుడు. నెల తిరిగేసరికి ఠంచనుగా బాడిగ కట్టేస్తాడు. అన్నీ విచారించాకే పిల్లనిస్తున్నాం."

"పాల ఖర్చు! అది పాల ఖర్చు!" అని నేను అరిచాను.

"ఆ ముసలోడు పుట్టి బుద్ధెరిగినాక పాలు ముట్టింది లేదే!" అంది అవ్వ, ఎంతో సంతోషంగా.

ఆ వారమే మళ్ళీ కేసు పడింది. మా సీనియరు కాగితాలు చదివి, కళ్ళద్దాలు తీసి, వకీళ్ళందరి ముందు పగలబడి నవ్వారు. "కేసు గెలిచి, అదే ఇంటి మీద ఎదుటి పక్షానికి సాక్ష్యమైన వకీలును నిన్నే చూసినాన్రా!" ఆ రోజు ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. వాళ్ళిళ్ళలో శుభకార్యాలకు ఈనాటికీ భోజనాలయ్యాకే వెళ్తాను. సైరన్ తాత మాత్రం నవ్వలేదు. వేళకు అన్నం కూడా తినలేదు. "ఈ వయసులో ఇంగ యాడికి పోదునప్పా?" అన్నాడు. ఆ మాట విన్నాక నేరుగా అవ్వ ఇంటికి పోయాను.

"గది ఇప్పుడే ఖాళీ చేస్తానవ్వా. తాతను వదిలెయ్."

"నువ్వు యాడికి పోతావు?"

"బూదికోట బస్సు ఉండాది కదా."

"పెండ్లి?"

నేను గది తాళంచెవి తీసి ఆమె ముందు పెట్టాను. అవ్వ ఆకువక్క నములుతూ నన్ను ఎగాదిగా చూసింది. "నా ఇంటి పక్క వాటా ఖాళీగా ఉండాది, దాంట్లో దిగు. ముసలోడు అట్లే ఉండనీ, కేసు వాపసు తీసుకుంటా. నన్ను ఓడించినోడు నా కళ్ళ ముందర ఉంటేనే నాకు నిమ్మళం. ఒకటే మాట, కోటు మాత్రం ఇంటి వెనక ఆరేసుకో. తెలిసి తెలిసి వకీలుకు ఇల్లిచ్చిందని వీధిలో నన్ను ఎగతాళి చేస్తారు."

మా కాపురం ఆ వాటాలోనే మొదలైంది. ఊళ్ళో నాకు 'పాల ఖర్చు వకీలు' అనే పేరు స్థిరపడింది. దాన్ని కోలారు దాకా చాటినవారు మా మామగారే. మరచిపోలేదు.

ఇప్పుడు కోలారులో నాకు సొంత ఇల్లుంది, పైన ఒక వాటా ఉంది. మొన్న ఒక అమ్మాయి చూడటానికి వచ్చింది. కుళాయి తిప్పి చూపించి, "ఏం పని చేస్తావమ్మా?" అన్నాను. "అడ్వకేట్ సార్. ఇళ్ళ కేసులు." "అయ్యో, నిన్ననే..." అనేంతవరకు వచ్చింది నోరు. వంటింట్లో మా ఆవిడ గిన్నెను కాస్త గట్టిగా కింద పెట్టింది. తాళంచెవి ఇచ్చేశాను.

"బట్టలకు తాడు యాడ కట్టుకోవాలి సార్?"

"వెనక వైపు. వీధి వైపు వద్దమ్మా."

"ఎందుకు సార్?"

"మా మామగారు వస్తూ పోతూ ఉంటారు."

ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. పాపం, వెనకే కట్టుకుంది. సాయంత్రం మేడ మీదికి పోతే ఆ తాడు మీద చిన్న నల్లకోటు గాలికి ఊగుతోంది. ఒకప్పుడు నేనూ అంత సన్నటి కోటులో పట్టేవాణ్ణట. మా ఆవిడకు గుర్తుంది. నాకే నమ్మకం కుదరడం లేదు.