శత్రువు భోంచేశాడా?

మా బాబాయ్‌కి ఒకటే జబ్బు. వీడియో గేములో శత్రువు ఎదురైతే, కాల్చేముందు వాడి యోగక్షేమాలు కనుక్కోవాలి.

"వీడు భోంచేశాడంటావా?"

"బాబాయ్, వాడు శత్రువు!"

"అయితే? శత్రువులు ఉపవాసాలుంటారా?"

నాది చిన్న గేముల కంపెనీ. ఆటలు ఆడి చూసి తప్పులు పట్టే పని బాబాయ్‌ది. ఉద్యోగం ఇచ్చింది నేనే కాబట్టి ఇంకెవర్నీ తిట్టుకోలేను. పైగా మా దగ్గర ఒక పద్ధతి ఉంది. తప్పు పట్టినవాడే చివరికి "సరిపోయింది" అనాలి. అప్పటిదాకా ఆట గడప దాటదు. ఆ పద్ధతి పెట్టిన మహానుభావుణ్ణి కూడా నేనే.

ఒకసారి కోట మీద దాడి చేసే ఆట ఇచ్చాం. గేటు దగ్గర కాపలావాడు నిద్రపోతున్నాడు. బాబాయ్ కత్తి దించి, కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. మధ్యాహ్నం అయినా కదలడే!

"ఏం చేస్తున్నావు బాబాయ్?"

"లేచేదాకా ఆగుతున్నా. నిద్రలో ఉన్నవాణ్ణి పొడుస్తామా, ఛ!"

ఇలాంటి మనిషి చేతికి యుద్ధం ఆట వెళ్లింది. శుక్రవారానికల్లా ఇవ్వకపోతే కొనే పెద్దమనిషి ఇంకో కంపెనీ చూసుకుంటాడు, మేం షట్టరు దించుకోవాలి. అందులో సరిహద్దు వంతెన కాసే పక్క దేశపు శత్రువులందరికీ ఒకటే మొహం, నెత్తిన పొడుగాటి బూడిదరంగు టోపీ. బాబాయ్ తప్పు పట్టనే పట్టాడు: "కాపలావాళ్లకి నోరు లేదు."

"నోరెందుకు బాబాయ్? చచ్చేవాళ్లేగా! నీకు ఆటలో రాజకీయాలు పడవని సూటిగా చెప్పు."

"ఎవడన్నాడ్రా? పోయిన ఆటలో పన్నులు పెంచిన రాజుని గద్దె దింపింది నేను కాదూ? అందులో రాజు కూడా తన గోడు చెప్పుకున్నాడు. అంతా విని, ఎటుండాలో నేనే తేల్చుకున్నా. అది రాజకీయం. ఇక్కడ మీరే తేల్చేసి, అవతలివాడి నోరు కుట్టేసి, నా చేతికి తుపాకీ ఇచ్చారు. ఇది ప్రచారం."

"ప్రచారమో గిచారమో, శుక్రవారం దాటితే రోడ్డున పడతాం!"

"పడదాం. అక్కడ గాలన్నా వస్తుంది."

ఒళ్లు మండిపోయింది. తలుపు ధడాలున వేసి బయటికొచ్చాను. కాఫీ మిషను దగ్గర మా బొమ్మలు గీసే అమ్మాయి నిలబడి ఉంది. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన పిల్ల. మాట మాదే, యాస వేరు. ఆ కాపలావాళ్లని గీసింది ఆమే.

"సార్, ఆయన్ని ఏమీ అనకండి. ఆ తప్పు నాకోసం పట్టారు."

"నీకోసమా?"

"ఆ టోపీ మావైపు ముసలాళ్లు పెట్టుకుంటారండీ. మా తాతయ్యకీ ఉంది. మీరు ఇచ్చిన నమూనాలో ఉంటే గీసేశాను. చెప్పడానికి భయమేసి ఉద్యోగం మానేద్దామనుకున్నా. బాబాయ్ గారొక్కరే పక్కన కూర్చుని, 'ఈ టోపీ ఎవరిదమ్మా, గీస్తూ ఏడుస్తున్నావు?' అని అడిగారు. ఎవరికీ చెప్పొద్దన్నాను."

ఆ అమ్మాయి చెప్పొద్దన్నందుకు, కంపెనీ మొత్తం తిడుతున్నా బాబాయ్ నోరు విప్పలేదన్నమాట! ఆ నమూనా బాగుందని మెచ్చుకున్నవాణ్ణి నేను. నిజంగా సిగ్గేసింది.

కొనే ఆయనకి ఫోన్ చేసి, వంతెనని పోట్లాడి దాటొచ్చు, మాట్లాడీ దాటొచ్చు, అలా మారుస్తున్నానన్నాను. ఆయన గొణిగాడు. కాపలావాడి గొంతు ఎవరిది? ఆ అమ్మాయి వాళ్ల తాతయ్యదే, ఫోన్లో రికార్డు చేసి పంపాడు.

శుక్రవారం కొనే ఆయన వచ్చి, ఆటలో జోరువానలో తుపాకీ ఎక్కుపెట్టి వంతెన మీదికి ఉరికాడు. కాపలావాడు విసుక్కున్నాడు: "ఆ తడి చొక్కా మార్చుకో ముందు, జలుబు చేస్తుంది. తర్వాత కొట్టుకు చద్దాం." పెద్దమనిషి పగలబడి నవ్వాడు. అవతలి గట్టు మీద ఏముందో ఆ తాతనే అడిగి తెలుసుకుని మరీ దాటాడు. ఆట తీసుకున్నాడు. బాబాయ్ "సరిపోయింది" అన్నాడు.

ఇప్పుడు ఆ తాతయ్య రోజూ సాయంత్రం ఆఫీసుకి ఫోన్ చేస్తాడు. "ఏమయ్యా, ఇవాళ నన్నెంతమంది కాల్చారు?"

ప్రపంచంలో ఉన్న పిల్లకాయలంతా పొద్దుట్నుంచి ఆయన్ని కాల్చి పోగులు పెడుతున్నారని మా అందరికీ తెలుసు.

"మిమ్మల్నా? ఒక్కడికి చెయ్యొస్తే ఒట్టన్నా!" అంటాడు మా బాబాయ్, తొణక్కుండా. పక్కనే ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వుతుంటుంది.