అంటని దగ్గు

కొన్నేళ్లుగా రెండు మాటలు నా గుండెల మీద బండలా కూర్చున్నాయి. అబద్ధాలైతే ఇంత బరువుండేవి కావేమో. రెండూ నిజాలే. ఆ రెండు నిజాలతో ఒక మనిషిని చంపాను. చంపానని ఎవరూ అనరు. నేను అంటున్నాను.

నా పేరు మీకు చెప్పను. అది పిరికితనమే, ఇంకో పేరు పెట్టను. ఊరు చెబుతాను. పుట్టింది ఆళ్లగడ్డ, డాక్టరుగా స్థిరపడింది నంద్యాల. మా వీధి చివర విగ్రహాలు చెక్కే కొట్టాలుండేవి. రాతి దుమ్ము మింగి దగ్గే మనుషుల మధ్య పెరిగాను. అందుకే ఊపిరితిత్తుల చదువు చదివాను. ఏ దగ్గు పక్కవాడికి అంటుతుందో, ఏది అంటదో నాకు తెలుసు. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, మీరు నన్ను జాలిగా చూసి 'పాపం, తెలియక చేసింది' అనుకోకూడదు. తెలిసే చేశాను.

చలికాలం మొదలవగానే నంద్యాలలో రోడ్డు పక్కన టిబెటన్లు స్వెట్టర్ల కొట్లు పెడతారు. కర్ణాటకలోని వాళ్ల శరణార్థుల క్యాంపు నుంచి వస్తారు. మనవాళ్లు వాళ్లను నేపాలీలంటారు, చైనావాళ్లంటారు, నోటికేదొస్తే అదంటారు. వాళ్లలో పేమా అనే ఆవిడ ఏటా వచ్చీ వచ్చీ మన యాసే నేర్చుకుంది. ఆ ఏడు తన అక్కను నాకు చూపించడానికి వెంటబెట్టుకొచ్చింది.

అక్క పేరు యాంచెన్. యాభై దాటాయి. పడుచుదనంలో సన్యాసిని. టిబెట్‌లో, మా దేశం మాదేనని నడివీధిలో అరిచినందుకు చైనా పోలీసులు జైల్లో వేశారు. ఆమె చొక్కా పైకెత్తి చూశాను. పక్కటెముకలు విరిగి, వాటంతటవే వంకరగా అతుక్కుపోయాయి. నోట్లో కరెంటు కర్ర పెట్టారట, నాలుక ఒకవైపు మొద్దుబారింది. క్షయ జైల్లోనే పట్టుకుంది.

విడుదల అంటే ఏమిటో ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. జైల్లో చస్తే మాట వస్తుందని, చచ్చేలా ఉన్నప్పుడు బయటికి తోశారు. మఠంలోకి రానివ్వలేదు. ఇంటి ముందు కాపలా పెట్టారు. పలకరించిన వాళ్లను పిలిచి విచారించారు. ఆసుపత్రికి పోతే అక్కడి డాక్టరు ఆమె ఎవరో తెలుసుకుని, వైద్యం చేస్తే తన ఉద్యోగం పోతుందని వెనక్కి పంపాడు. అది విని నాకు ఒళ్లు మండింది. "వాడూ ఒక డాక్టరేనా!" అన్నాను. పేమా ఆ మాట అక్కకు తమ భాషలో చెబితే, ఆమె నా చెయ్యి పట్టుకుంది.

కొండలు దాటి ఈ దేశం వచ్చాక క్షయకు మందులు వాడి నయం చేసుకుంది. మిగిలింది ఊపిరితిత్తుల మీది మచ్చలు, వాటితో వచ్చే దగ్గు. అది ఎవరికీ అంటదు. మందులిచ్చాను, మెల్లగా తేరుకుంది. నన్ను ఆమె అడిగింది ఒక్కటే, చూసేటప్పుడు గది తలుపు వేయొద్దని. గొళ్లెం చప్పుడు వింటే ఆమెకు ఒళ్లంతా వణుకు. తెరిచే ఉంచేదాన్ని. అంత మంచిదాన్ని నేను!

తర్వాత కరోనా పేరు టీవీలో వినబడసాగింది. మన వైపు ఇంకా రాలేదు. చలి తగ్గి స్వెట్టర్లవాళ్లంతా వెళ్లిపోయినా, అక్క మందుల కోసం పేమా ఆగిపోయింది. ఒకరోజు నా కాంపౌండరు మద్దిలేటి లోపలికొచ్చి గొణిగాడు.

"అమ్మా, ఆ చైనా ఆమె ఈడికొస్తాందని పేషెంట్లు వాకిట్లో నుంచే ఎనక్కి పోతాండారు. ఇట్లయితే ఎట్లమ్మా?"

ఆమె చైనా మనిషి కాదు మద్దిలేటీ, ఆ చైనాయే ఆమెను ఇలా చేసింది అని నేను అనొచ్చు. వాకిట్లోకి వెళ్లి నలుగురికీ వినబడేలా అనొచ్చు. ఎందుకనలేదు? భయమా? రోగమంటే భయం వేరు, దాన్ని క్షమించొచ్చు. నాది ఖాళీ కుర్చీలు చూసి పుట్టిన భయం, పెద్దాసుపత్రి కట్టాలని కలలు కంటున్న మనిషి భయం. దానికి నేను పెట్టుకున్న ముద్దుపేరు ఊరి మేలు.

ఆరోగ్యశాఖలో తెలిసిన ఒక అధికారికి ఫోన్ చేసి, వాళ్లుండే చోటు చెప్పాను. "చూడటానికి చైనా మనిషిలా ఉంది. బాగా దగ్గుతోంది." అంతే చెప్పాను. దగ్గు పాతదని చెప్పలేదు. ఆమె ఎక్స్‌రే నా బల్ల మీదే ఉంది.

మర్నాడు పేమా పరుగున వచ్చింది.

"డాక్టరమ్మా, అక్కను ఆళ్లగడ్డ దావలో ఏదో కాళీ హాస్టల్లో ఏసి బయట గొళ్లెం పెట్టినారు. ఒగటే అరస్తాంది. మీరొచ్చి పాత దగ్గని ఒక్క మాట చెప్పండమ్మా."

"నా చేతిలో ఏం లేదు పేమా. వాళ్ల రూల్సు వాళ్లవి."

"ఎవరు చెప్పినారమ్మా వాళ్లకు?"

"బజార్లో ఎవరో చెప్పింటారు."

"ఈ ఊర్లో మమ్మల్ని మనుషులుగా చూసింది మీరొక్కరే," అని ఏడ్చింది. నేను ఆమె వీపు నిమిరాను. ఈ చెయ్యితోనే.

ఆ ఆదివారం నాయనను చూడటానికి ఆళ్లగడ్డకు పోతూ ఆ హాస్టల్ ముందు నుంచే వెళ్లాను. పై అంతస్తు కిటికీ ఊచలకు రెండు చేతులు కనబడ్డాయి. కారు ఆపలేదు. తిరిగొచ్చేటప్పుడు తల అటు తిప్పనేలేదు.

పరీక్షలో ఏమీ లేదని తేలింది. వదిలేశారు. అది ఆమెకు రెండో విడుదల. క్యాంపు చేరాక ఆమె డాక్టరన్న మనిషిని దగ్గరికి రానివ్వలేదు. ముసురు పట్టిన రోజుల్లో ఊపిరాడకపోతే ఆసుపత్రికి రానని మంచం కోడు పట్టుకుని కూర్చుందట. అక్కడే పోయింది. మళ్లీ స్వెట్టర్లు అమ్మడానికి వచ్చినప్పుడు పేమా ఇదంతా చెప్పింది. నేను కన్నీళ్లు పెట్టుకున్నాను. పేమా నన్ను ఓదార్చింది! ఆ ఓదార్పును కూడా కాదనకుండా తీసుకున్నాను.

ఇంకా ఎన్నేళ్లయినా మింగి ఉండేదాన్నేమో. ఈ మధ్య ఆళ్లగడ్డలో మా బంధువుల పెళ్లికి ఆ అధికారీ వచ్చాడు. భోజనాల దగ్గర అందరికీ వినబడేలా, "కరోనా అప్పుడు చైనా మనిషిని పట్టిచ్చి ఊరిని కాపాడింది ఈయమ్మే" అన్నాడు. పక్కనున్నవాళ్లు మెచ్చుకోలుగా తలలూపారు. ఎవరో "శభాష్ అక్కా" అన్నారు. విస్తరి ముందు నుంచి లేచి, "ఆమెకు ఏ రోగమూ లేదు, నాకు తెలుసు" అని అరిచాను. అందరూ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశారు. కాసేపటికి మళ్లీ అన్నం కలుపుకున్నారు.

మర్నాడు పొద్దున్నే నంద్యాలలో పేమా కొట్టుకు పోయాను. నిలబడే చెప్పాను, ఒక్కటీ దాచకుండా. ఆమె మడతపెడుతున్న స్వెట్టరును పక్కన పెట్టింది. అడిగింది.

"ఫోన్లో పేరు చెప్పినారా?"

"లేదు. చైనా మనిషిలా ఉందని అన్నా."

"జైల్లో కొట్టినోళ్లు గూడా అక్కను పేరు పెట్టే పిల్చినారంట డాక్టరమ్మా." గొంతు పెంచలేదు. "ఇంగ పోండి. నా అంగడి ముందర నిలబడొద్దు."

వచ్చేశాను. క్షమించమని అడగలేదు, అడిగే ముఖం లేదు. ఆమె క్షమిస్తే నాకే కోపం వచ్చేది. నా మీద కోపం తగ్గలేదు, తగ్గకూడదు కూడా. తలలూపిన వాళ్ల మీదా తగ్గలేదు. వాళ్లలో సగం మంది ఇవాళా నా దగ్గర మందులు తీసుకుంటున్నారు. మీలో ఎవరైనా ఈ కథను ఇంకోలా విని ఉంటే, ఊరిని కాపాడిన డాక్టరమ్మ కథగా విని ఉంటే, దయచేసి అది మరిచిపోండి. నేను కాపాడింది నా వాకిట్లో కుర్చీలను.

ఆమె పేరు యాంచెన్. నా పేషెంటు. ఆమెను పట్టించింది నేను. రాసేశాను. ఊపిరి చాన్నాళ్లకు లోపలిదాకా అందుతోంది.